నలభై ఒకటో నంబరు ఖాళీ

అతని చెయ్యి పట్టుకున్న మనిషి ఎక్కడో ఒకచోట సంతకం పెట్టకుండా ఆ చేతిని వెనక్కి తీసుకోలేడని యూనివర్సిటీలో చెప్పుకునేవారు. ఓసారి కారిడార్‌లో కరెంటు పోయినప్పుడు ఎదురుగా ఉన్న స్తంభానికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, పది నిమిషాలు మాట్లాడి, దాన్ని కూడా పరిశోధనలో భాగస్వామిగా చేర్చుకున్నాడట. స్తంభం ఒప్పుకుందో లేదో తెలియదు గానీ, అతనికి మాత్రం షేక్‌హ్యాండ్ అన్న పేరు స్థిరపడిపోయింది.

అతని ఉద్యోగమే అలాంటిది. మహమ్మారుల ముప్పు మీద ఆ యూనివర్సిటీ ఒక పరిశోధన కార్యక్రమం నడుపుతోంది. రాబోయే మాయరోగం ఏ మూల తల ఎత్తుతుందో అది ఎత్తకముందే పసిగట్టడం వాళ్ల పని. అది జరగాలంటే కోళ్ల ఫారాల వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, బయటి ల్యాబుల వాళ్లు కలిసిరావాలి. "మీ కోళ్ల గొంతుల్లో ఏముందో చూసిపోతాం" అంటే ఎవరు మాత్రం గేటు తీస్తారు? ఆ గేట్లు తీయించేది షేక్‌హ్యాండ్. పొత్తులన్నీ అతనివి.

సైన్సంతా ఆమెది. ఆమెను అందరూ మైనస్ ఎనభై అనేవారు, ఆమె లేనప్పుడు. శాంపిళ్లు దాచే పెద్ద ఫ్రీజర్లో చలి అన్ని డిగ్రీలుంటుంది. ఒకసారి క్యాంటీన్లో ఆమె చూపు పడి పొగలు కక్కుతున్న టీ గడ్డకట్టిందని, ఆ కప్పులో చెంచా నేటికీ కదలడం లేదని ల్యాబ్ వాళ్లు ఒట్టేసి మరీ చెబుతారు.

మొదటి రోజే ఇద్దరికీ చుక్కెదురైంది. అతను నవ్వుతూ చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని గాజుపలక మీది మరకను చూసినట్టు చూసింది.

"పొద్దుటి నుంచి ఈ చెయ్యి ఎంతమంది పట్టుకున్నారు?"

అతను లెక్క వేసుకున్నాడు. "పదిహేడు మంది."

"పద్దెనిమిదో మనిషిని నేను కాను లెండి."

ఇంకొకరైతే మొహం ముడుచుకునేవారు. ఇతను మర్నాడు మళ్లీ వెళ్లాడు. "ఇవాళ నలుగురే మేడమ్." ఆ మర్నాడు, "ఇవాళ ఇద్దరే. అందులో ఒకాయన డాక్టరు."

"సున్నా అయిన రోజు రండి," అంది మైక్రోస్కోపు లోంచి తల ఎత్తకుండా.

మనుషుల్ని కలపడమే పని అయినవాడికి సున్నా ఎలా వస్తుంది? అయినా ఏడాదిగా రోజూ వెళ్లి లెక్క చెప్పి వస్తున్నాడు. ఆమె కూడా, ఎందుకో, రోజూ అడుగుతోంది.

*

ఫారాల వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. తమ పేర్లు బయటికి పొక్కకూడదు. కోడి తుమ్మిందన్న పుకారు చాలు, ఆ చుట్టుపక్కల గుడ్డు ముట్టుకునేవాడుండడు. అందుకని షేక్‌హ్యాండ్ ఒక్కో ఫారానికి ఒక్కో నంబరిచ్చాడు, ఒకటి నుంచి అరవై దాకా. ఏ నంబరు ఎవరిదన్నది కంప్యూటర్లో ఎక్కించలేదు. అతని చొక్కా జేబులోని ఎర్ర నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా లేదు. స్నానానికి వెళ్లినా ఆ బుక్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వెళ్తాడని వాళ్లమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

ఆ మంగళవారం పొద్దున్న వాన పడుతోంది. ఊళ్లో ఎవరో మరచిపోయిన సంగతి గుర్తుచేస్తున్నట్టు కిటికీల మీద ఆగి ఆగి కొడుతోంది. తొమ్మిదింటికి, శాంపిళ్లు పరీక్షించే బయటి ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది.

"సార్, నలభై ఒకటిలో వచ్చింది."

"ఏం వచ్చింది?"

"పక్షుల ఫ్లూ. ఏదో కొంచెం కాదు, గట్టిగా."

ఫోను పెట్టేసి అతను నోటుబుక్కు తీశాడు. తీయనవసరం లేదు. ఆ వరసలో ఎవరున్నారో అతనికి బాగా తెలుసు. నలభై ఒకటి అతని పిన్ని.

తల్లి తర్వాత తల్లి. బాబాయి పోయాక రెండు వేల కోళ్లను ఒంటిచేత్తో పెంచుకుంటున్న మనిషి. "మా అక్క కొడుకు అడిగితే కోళ్ల గొంతులేం ఖర్మ, నా గొంతు కూడా చూసుకోమను" అని నెల కిందటే సంతకం పెట్టింది.

ఏ ఫారంలో జబ్బు కనిపించినా గంటలోగా పశువైద్య శాఖకు చెప్పి తీరాలని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసింది షేక్‌హ్యాండే. పెన్ను మూత పెడుతూ తీస్తూ యాభై రెండు నిమిషాలు కూర్చున్నాడు. యాభై మూడో నిమిషంలో శాఖ డాక్టరుకు ఫోన్ చేసి పిన్ని అడ్రసు చెప్పాడు.

"రెండు వేలా?" అన్నాడు శాఖ డాక్టరు. ఆయన గొంతులో కోపం లేదు, అదే భయం పుట్టించింది. "మూడింటికి మా వాళ్లు వస్తారు. కోళ్లన్నిటినీ చంపి పూడ్చేయాలి. ఆవిడకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను."

చెప్పాడు. ఫోన్లో కోళ్ల అరుపులు మాత్రం వినిపించాయి. చివరికి పిన్ని, "అన్నం తిని బయల్దేరు," అంది. "ఖాళీ కడుపుతో బండి నడపకు." అంతే.

అతను అన్నం తినలేదు. మెట్లన్నీ దిగి సైన్స్ హెడ్ అయిన మైనస్ ఎనభై గదికి వెళ్లాడు.

"ఇవాళ ఎంతమంది?" అంది ఆమె అలవాటుగా.

"నలభై ఒకటి పాజిటివ్ వచ్చింది."

ఆమె తల ఎత్తి నవ్వింది. ఏడాదిలో ఆ నవ్వు చూడటం అతనికి అదే మొదలు. ఇంకో రోజైతే ఆ నవ్వుకు అతను గోడకు చేరగిలబడి ఉండేవాడు.

"వచ్చిందా? పర్లేదు, ఆ ల్యాబ్ వాళ్లు పాసయ్యారు."

"పాసవ్వడమేంటి?"

"అది మన దెయ్యం ట్యూబు. చచ్చిన వైరస్ కలిపి నేనే పంపాను, మామూలు శాంపిల్ లాగా నంబరేసి. ల్యాబ్ వాళ్లు పట్టుకుంటారో లేదో చూడాలిగా. ఏది దెయ్యమో రాసిన కాగితం నెలాఖరున విప్పుదామనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అది పరీక్షెలా అవుతుంది? ముందుగా మీకు అసలే చెప్పకూడదు. మీరు కరెంటు స్తంభంతో కూడా మాట్లాడతారు." అని అతని మొహం చూసి ఆగింది. "ఏమైంది? నలభై ఒకటి ఖాళీయే కదా. ఆ ఫారం ఆయన మానుకున్నాడు, నంబరు ఖాళీ అని మీటింగులో మీరే చెప్పారు. అందుకే ఆ నంబరు వాడాను."

చెప్పాడు, నిజమే. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆ ఖాళీని నింపాడు. ఎవరితో నింపాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అరవై ఫారాలు తెస్తానని అందరి ముందూ కోతలు కోసి, చివరికి ఒకటి తగ్గితే సొంత పిన్నిని తెచ్చి కూర్చోబెట్టాడని తెలిస్తే ఆమె ఏమనుకుంటుందోనని. అందరిలోకీ ఆమె ఏమనుకుంటుందోనని.

"ఖాళీ కాదు," అన్నాడు. "నెల నుంచి ఖాళీ కాదు."

ఆమె చేతిలోని పెన్ను కింద పడింది. తీసుకోలేదు.

వెంటనే ల్యాబ్‌కు ఫోన్ చేసింది. అక్కడి టెక్నీషియన్ గర్వంగా చెప్పింది. "నలభై ఒకటి రెండు ట్యూబులొచ్చాయి మేడమ్. ఒకే ఫారంవి కదా అని రెండూ కలిపి ఒకే పరీక్ష చేశాం. టైమ్ కలిసొచ్చింది."

"మిగిలింది ఉందా?"

"లేదు మేడమ్. మొత్తం వాడేశాం."

*

"ఒక్క కాగితం రాయండి," అన్నాడు షేక్‌హ్యాండ్. "ఆ వైరస్ మీ ట్యూబులోదని. శాఖ వాళ్లు ఆగిపోతారు."

"రాయలేను."

"అది మీ దెయ్యమే కదా?"

"తొంభై తొమ్మిది పాళ్లు నాదే. ఆ ఫారం ట్యూబులో కూడా ఉందేమో నాకు తెలీదు. ఒక్క పాలు మిగిలింది. ఆ ఒక్క పాలు కోసమే యూనివర్సిటీ నన్ను పెట్టుకుంది."

"అక్కడ ఒక మనిషి బతుకు మేడమ్ అది. ఇవాళ ఆ కోళ్లు ఊరికే పోతే రేపటికి అరవై గేట్లూ మూసుకుంటాయి. అప్పుడు నిజంగా రోగం వచ్చినా మనకు చెప్పే నాథుడుండడు."

"ఆ ఒక్క పాలు నిజమై, నా కాగితం చూసి శాఖ వాళ్లు ఆగిపోతే? రేపు ఆ ఇంట్లో మనుషులకి జ్వరం వస్తే?"

"నీకు మనుషులంటే ట్యూబుల మీద అంటించే చీటీలు."

ఆ మాట నోరు జారింది. మీరు అన్న మర్యాద కూడా జారిపోయింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బండి ఎవరు నడుపుతారు?" అంది.

"ఎక్కడికి?"

"మోసుకెళ్లే పీసీఆర్ మిషనొకటి ఉంది. కోళ్ల గొంతుల్లోంచి కొత్తగా శాంపిళ్లు తీస్తే గంటన్నరలో చెబుతుంది. దారి ఎంత?"

"గంటంబావు."

"ఇప్పుడు పదిన్నర. తగువు దారిలో ఆడుకుందాం."

దారిలో ఆడుకోలేదు. వైపర్లు అటూ ఇటూ తల తిప్పుతూ ఇద్దరి మధ్యా రాయబారం నడిపి విఫలమయ్యాయి. ఆమె వెనక సీట్లో మిషన్ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంట వచ్చినప్పుడల్లా, "మెల్లిగా," అనేది. గంటంబావు ప్రయాణంలో ఆమె మాట్లాడింది అదొక్కటే, పదకొండు సార్లు. అతను లెక్కపెట్టాడు.

*

ఫారం గేటు దగ్గర శాఖ డాక్టరు జీపు అప్పటికే ఉంది. పిన్ని గొడుగు లేకుండా నిలబడి ఉంది. అక్క కొడుకును చూసి ఏడుస్తుందనుకుంటే, వెనక దిగిన మనిషిని చూసి, "ఈ అమ్మాయేనా?" అంది.

"ఏ అమ్మాయి పిన్నీ?"

"ఫోన్ చేసినప్పుడల్లా ఇవాళ ఇద్దరే అన్నా, ముగ్గురే అన్నా, ఆవిడ పట్టుకోలేదు అంటావే. ఆ అమ్మాయి."

మైనస్ ఎనభై అప్పుడే తెల్ల సూటు జిప్పు పైకి లాగుతోంది. జిప్పు మధ్యలో ఇరుక్కుంది.

శాఖ డాక్టరు కథంతా విన్నాడు. రెండు ట్యూబులు, ఒకే నంబరు. "అంటే ఎలాగూ ఏమీ లేదంటారు."

"ఉందో లేదో మూడింటికల్లా చెబుతాను అంటున్నాను," అంది ఆమె.

"కోళ్లేమైనా చచ్చాయా ఈ మధ్య?"

పిన్ని షేక్‌హ్యాండ్ వైపు చూసింది. ఒక్క క్షణమే చూసింది. చిన్నప్పుడు అతను పగలగొట్టిన గిన్నెల్ని వాళ్లమ్మకు తెలియకుండా దాచినప్పుడు కూడా ఇలాగే చూసేది. నిన్న ఫోన్లో మాటల మధ్యలో చెప్పింది, నాలుగు చచ్చాయిరా అని. అతని నోట్లోంచి వస్తే తప్ప ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు.

వాన జీపు పైకప్పు మీద టపటపా పడుతోంది. చెబితే మూడింటి దాకా కూడా ఆగరేమో.

"నాలుగు," అన్నాడు షేక్‌హ్యాండ్. "నిన్న పొద్దున నాలుగు చచ్చాయి."

పిన్ని తల వంచుకుంది. డాక్టరు ఆ అంకెను తన నోట్సులో రాసుకున్నాడు.

"పాతిపెట్టిన మట్టి ఇందాకే చూశాను. దాచి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టించేవాణ్ని," అన్నాడు. "మూడు. మూడూ అయిదుకు కాదు."

మైనస్ ఎనభై ముసుగు వెనక నుంచి అతని వైపు చూసింది. ఆ చూపుకు మాత్రం టీ గడ్డకట్టేది కాదు.

*

అతనికి కూడా ఒక తెల్ల సూటు తొడిగించి, షెడ్డులోకి వెళ్లేముందే ఆమె అడిగింది. "ఆ నాలుగూ ఏ వరసలో చచ్చాయి?"

"ఆ చివర," అంది పిన్ని గేటు అవతలి నుంచి. "ఫ్యాను తిరగడం మానేసింది అక్కడ. మనిషి వస్తానని మూడు రోజులైంది."

"నాలుగూ ఒకే వరసలోనా?"

"ఒకే వరసలో, పక్కపక్కనే. తోడబుట్టినవాటిలా."

"ఉక్కకి చచ్చి ఉండొచ్చు," అంది ఆమె అతనితో, మెల్లగా. "ఉండొచ్చు అన్నాను. సంతోషపడకండి."

"నేనేం సంతోషపడలేదు."

"పడ్డారు. మీ కళ్లద్దాల మీద ఆవిరొచ్చింది."

కోళ్ల గొంతుల్లో పుల్ల పెట్టి శాంపిళ్లు తీయడం చూసినంత తేలిక కాదు. అతను పట్టుకోవాలి, ఆమె తీయాలి. మనుషుల చేతులు పట్టుకోవడంలో ఆరితేరినవాడు కోడి రెక్క పట్టుకోలేక నానా తంటాలు పడ్డాడు. ఒక ఎర్ర కోడి అతని భుజమెక్కి, నెత్తి మీదికి చేరి, అక్కణ్నుంచి షెడ్డంతా పరిపాలించినంత పని చేసింది.

"కదలకండి," అంది ఆమె. అతని నెత్తి మీద ఉండగానే దాని గొంతులో పుల్ల తిప్పి ట్యూబులో వేసింది. "అరవయ్యోది. అయిపోయాయి."

టైమ్ ఒకటీ ఇరవై.

*

వ్యాను వెనక తలుపులు మూసి, మిషను ఆన్ చేసి, ఇద్దరూ ఎదురెదురుగా రెండు అట్టపెట్టెల మీద కూర్చున్నారు. పైకప్పు మీద వాన. తెర మీద ఇంకా ఏమీ లేదు, అడుగున ఒక సన్నటి గీత తప్ప.

"ఆ గీత పైకి లేస్తే ఉన్నట్టు," అంది. "నేల మీదే పడుకుంటే లేనట్టు. మిషను నలభై చుట్లు తిరగాలి."

మూడు చుట్లు తిరిగాయి.

"ఆ ఫారం మా పిన్నిది," అన్నాడు.

"తెలిసింది. అన్నం తిన్నావా అని నాలుగుసార్లు అడిగింది మిమ్మల్ని."

"జాబితా ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, అందుకే మీకు చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నంబరు నిండిందని చెబితే చాలు, పేరు చెప్పక్కర్లేదు. మీరు నవ్వుతారని చెప్పలేదు. అరవై తేలేక సొంత పిన్నిని తెచ్చుకున్నాడని."

"నేను నవ్వను. అందరికీ తెలుసు."

"ఆ నవ్వకపోవడానికే భయపడ్డాను."

తొమ్మిది చుట్లు. పది.

"నేను కూడా," అని ఆగింది ఆమె. "దెయ్యం ట్యూబు ఊసెత్తకుండానే మిమ్మల్ని అడిగి ఉండొచ్చు. నలభై ఒకటి ఇంకా ఖాళీయేనా అని. ఒక్క మాట. మీరు రోజూ పొద్దున్నే నా గదికి వస్తారు. అడిగే వీలుంది."

"మరి?"

"మీరు వచ్చి వెళ్లిపోయాక గాని నాకు అడగాల్సినవి గుర్తురావు."

అతనికి ఏదో అనాలనిపించింది. ఏదో అనేలోపు తెర మీద ఒక గీత నేల విడిచింది. మెల్లగా, తర్వాత వేగంగా, మెట్లెక్కుతున్న మనిషిలా పైకి పోతోంది.

అతను అట్టపెట్టె మీంచి లేచాడు. నెత్తి పైకప్పుకు తగిలింది. "అయిపోయింది. అయిపోయింది కదా?"

"కూర్చోండి."

"చూడండి, పైకి పోతోంది."

"కూర్చోమన్నానా? అది మనది. మిషను సరిగ్గా ఉందో లేదో తెలియడానికి నేను కావాలని పెట్టిన ట్యూబు. అది లేవాలి. లేవకపోతేనే భయపడాలి." అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టి, వేలితో తెర అడుగున చూపించింది. "మీ పిన్ని కోళ్లు అవి. ఆ కింద ఉన్నవి."

ఆరు గీతలు. ఒకదాని మీద ఒకటి పడుకుని, నేలకు అంటుకుని, కదలకుండా. ఒక్కో గీతలో పది కోళ్ల శ్వాస.

ముప్పై చుట్లు. ముప్పై నాలుగు. వాన తగ్గి మళ్లీ పట్టుకుంది. ముప్పై ఎనిమిదో చుట్టులో ఒక గీత కొద్దిగా వణికింది, ఇద్దరూ తెర మీదికి వంగారు. మళ్లీ పడుకుంది.

నలభై.

ఆమె అప్పుడు చూసుకుంది, అతని మణికట్టు తన చేతిలోనే ఉందని. సూటు గ్లౌజు మీద సూటు గ్లౌజు. వదిలేసి వాచీ చూసుకుంది. రెండూ యాభై ఒకటి.

"ఇప్పుడు రాస్తాను మీ కాగితం," అంది.

శాఖ డాక్టరు ఆ కాగితాన్ని వానలోనే రెండుసార్లు చదివాడు. పెద్ద ల్యాబ్ ఖాయం చేసేదాకా ఒక్క గుడ్డు కూడా గేటు దాటకూడదన్నాడు. తన జీపు దగ్గరికి వెళ్లి, వస్తున్న మనుషుల్ని వెనక్కి పంపమని ఫోన్లో చెప్పాడు. రెండు రోజుల తర్వాత పెద్ద ల్యాబ్ కూడా అదే మాట చెప్పింది.

పిన్ని చేతులు కడుక్కుని తుడుచుకుని ఆ అమ్మాయి తల నిమిరింది. "ఒరేయ్," అంది అక్క కొడుకుతో. "నిజం చెప్పినందుకు నీమీద కోపం రెండు రోజులుంటుంది. ఈ కోడలి మీద లేదు."

"పిన్నీ, కోడలేంటి?"

"నువ్వూరుకో. నలభై ఒకటో నంబరు నాది. నేను మాట్లాడతాను."

*

కార్యక్రమానికి డైరెక్టరు ఒక పెద్దాయన. ఆయన ప్రపంచాన్నంతా ఒక పట్టికలో చూస్తాడు. ఏదైనా జరిగే అవకాశానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, జరిగితే వచ్చే నష్టానికి ఒకటి నుంచి అయిదు. రెండూ గుణిస్తే పదిహేను దాటితే ఎర్ర గడి. పొద్దున్న గొడుగు తీసుకెళ్లాలా అన్నది కూడా ఆ పట్టికలో గుణించే తేలుస్తాడని, ఆ గుణకారం అయ్యేసరికి తడిసిపోతాడని అంటారు.

జరిగింది విని ఆయన ఒక రూలు పెట్టాడు. ఫారాల జాబితా ఒక కవర్లో, దెయ్యం ట్యూబుల జాబితా ఇంకో కవర్లో. రెంటికీ సీలు. అతనిది ఆమె దగ్గర, ఆమెది అతని దగ్గర. ఎర్ర గడి ముప్పు వస్తే తప్ప, అది కూడా తన ఎదుట తప్ప, విప్పకూడదు. పిన్ని తన పేరు ఎవరికి కావాలంటే వాళ్లకి చెప్పుకోమంది. మిగతా యాభై తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే అడిగి ఒప్పించి వచ్చాడు షేక్‌హ్యాండ్.

ఆమె కవరు ఇస్తూ, "జాగ్రత్త," అంది. "ఇందులో ట్యూబుల నంబర్లే కాదు, ఇంకోటి కూడా ఉంది."

"ఏంటది?"

"ముప్పు వస్తే తెలుస్తుంది."

ఆ తర్వాత మూడు నెలల్లో అతను ఆ కవర్ని చూసినన్నిసార్లు అద్దంలో తన మొహం కూడా చూసుకోలేదు. రాకూడని మహమ్మారి కోసం ఎదురుచూసే పాపానికి ఒడిగడుతున్నానేమోనని లోపల్లోపల భయపడేవాడు.

వచ్చింది. ఒక శుక్రవారం, కాఫీ గ్లాసుల మధ్య ఎవరో అన్నారు. ఇంకో యూనివర్సిటీ మైనస్ ఎనభైని రమ్మంటోందట. పెద్ద ల్యాబు, పెద్ద జట్టు. సాయంత్రంలోగా అవుననో కాదనో సంతకం పెట్టి పంపాలట.

అతను కవరు పట్టుకుని నేరుగా పెద్దాయన గదికి వెళ్లాడు. ఆమె అక్కడే ఉంది, చేతిలో ఆ ఉత్తరంతో.

"ముప్పు వచ్చింది సార్. ఇది విప్పాలి."

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏ ఫారం?"

"ఫారం కాదు. మన సైన్స్ హెడ్ వెళ్లిపోతున్నారు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన పట్టిక తీసి పెన్సిలు చెక్కుకున్నాడు.

"జరిగే అవకాశం?"

"మూడు," అంది ఆమె. "ఇంకా తేల్చుకోలేదు."

"నష్టం?"

"అయిదు కన్నా పై అంకె లేదా సార్?" అన్నాడు షేక్‌హ్యాండ్.

"లేదు."

"అయితే అయిదే వేసుకోండి. తక్కువే, అయినా వేసుకోండి."

"మూడైదులు పదిహేను. దాటలేదు." పెద్దాయన విచారంగా పెన్సిలు కింద పెట్టబోయాడు.

"నాలుగు వెయ్యండి," అంది ఆమె, కిటికీ వైపు చూస్తూ.

ఇరవై. ఎర్ర గడి. సీలు విప్పారు. పన్నెండు ట్యూబుల నంబర్లు వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. వాటి కింద కొంచెం ఎడంగా ఇలా ఉంది:

"ఇది చదువుతున్నావంటే ఏదో కొంప మునిగిందన్నమాట. కంగారు పడకు. అందరికన్నా ముందు నాకు ఫోన్ చెయ్యి."

అతను రెండుసార్లు చదివి, జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. బల్లకు అవతల, ఆమె కోటు జేబులో మోగింది. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పు."

"వెళ్లకు."

"కారణం?"

"తొంభై తొమ్మిది పాళ్లు కారణాలున్నాయి. మిగతా ఒక్క పాలు నీ దగ్గరుంది. అది తేలకుండా నేను కాగితం రాయలేను."

ఆమె పెదవి బిగబట్టుకుంది. "నీ కవరు నేను విప్పలేదు. లైటుకి పట్టి చూశానంతే."

"అది రూల్సుకి విరుద్ధం."

"విప్పలేదన్నానుగా. అరవై ఫారాలకి అరవై ఒక్క వరసలున్నాయి. అరవై ఒకటి ఎవరు?"

"ఖాళీ."

"నలభై ఒకటి కూడా ఖాళీయే అన్నావు."

"ఇది నిజంగా ఖాళీ. నువ్వు చెప్పేదాకా ఎవరితోనూ నింపను. నింపినా ముందు నీకే చెబుతాను."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఎదురుగా కూర్చుని ఫోను బిల్లెందుకు?" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది. "ఇవాళ ఎంతమంది?"

"సున్నా," అన్నాడు. "పొద్దుటి నుంచి ఈ కవరు పట్టుకునే ఉన్నాను."

ఆమె కుడిచేతి గ్లౌజు ఒక్కో వేలే లాగి తీసింది. చెయ్యి చాచింది. ఏడాదికి పైగా అడిగిన చెయ్యి అది, ఫ్రీజరంత చల్లగా ఉంటుందని ల్యాబంతా పందాలు కట్టిన చెయ్యి. వెచ్చగా ఉంది.

పట్టుకున్నాడు. అతని చెయ్యి సంగతి మొదట్లోనే చెప్పుకున్నాం కదా. సంతకం పెట్టకుండా ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆమె కూడా తీసుకోలేదు. ఆ ఉత్తరం కింద రాలేనని ఎడమ చేత్తోనే రాసి, ఎడమ చేత్తోనే సంతకం పెట్టింది. ఆ సంతకం కోడి గీసిన గీతల్లా ఉందని ఆ యూనివర్సిటీ వాళ్లు తిప్పి పంపితే, మర్నాడు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అది కూడా ఎడమ చేత్తోనే పెట్టిందని ల్యాబ్ వాళ్లు ఒట్టేసి చెబుతారు.